నాలుగు పేర్లు

"రేపు రాయి నిలబెట్టాలె అవ్వా. ఇయ్యాలన్న పేర్లు చెప్పు," అన్నాడు రామచందర్ సారు.

సకల జనుల సమ్మెతో బడి మూతపడ్డప్పట్నుంచి సారు రోజూ ఓదెమ్మ అరుగు దగ్గరికే వస్తున్నాడు. ఈరోజు రాయి చెక్కే బిక్షపతిని కూడా వెంట తెచ్చాడు. బండి మీద నల్లరాయి. దాని మీద ఒక్క వరుసే ఉంది: 'నమ్మిన బోధ విడువక ఉరికెక్కినవారు'. కింద అంతా ఖాళీ.

అరవై ఏడేండ్ల కింద ఆ ఊళ్లో నలుగురు, బొమ్మలకు మొక్కొద్దనే అచల బోధ తీసుకున్నారు. తలుపులు మూసుకొని, గుట్టుగా. ఎట్లనో దొరకు తెలిసింది. కోటలాంటి తన గడి ముందర నిలబెట్టి, అమ్మవారి బొమ్మకు మొక్కమన్నాడు. మొక్కలేదు. చింతకొమ్మకు ఉరి తీయించాడు. నలుగురి ఇండ్లవాళ్లూ ఊరు విడిచిపోయారు. పెద్దయ్యాక తిరిగొచ్చింది ఓదెమ్మ ఒక్కతే. ఉరి నాటికి ఆమెకు ఏడేండ్లు.

"దొరకు ముచ్చట మోసినోని నోట్లె పురుగులు పడ," అన్నాడు బిక్షపతి.

"అన్నా, జర ఆపు. పెద్దమనిషి ముందర గా తిట్లేంది?" అన్నాడు సారు.

"తిట్టనియ్యి బిడ్డా," అంది ఓదెమ్మ.

రామచందర్ ఆమె పక్కన కూర్చున్నాడు. "అండ్ల మీ బాపు ఉన్నడని తెలుసు. కన్నతండ్రి పేరు నోటితోని అనొద్దనా? ఏంగాదు అవ్వా."

"గది కాదు."

"మరేంది?"

"ఆ పేర్లు నా నోట్లకెల్లి రావొద్దు."

"నువ్వు గూడ పోతే, గా నలుగురు బతికిండ్రనే ఎవ్వలికి తెల్వదు."

ఓదెమ్మ రాయిని చూసింది. తర్వాత కండ్లు మూసుకుంది. చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క వేలూ ముడుస్తూ పోయింది.

"గొల్ల ఐలయ్య. సాలె వీరస్వామి. చాకలి సాయిలు."

నాలుగో వేలి దగ్గర ఆగింది.

"మా బాపు. రాజలింగం."

రామచందర్ కాగితం మీద రాసుకున్నాడు. అతని కండ్లు తడిసినయి. బిక్షపతి ఉలి ఖంగుమంది. పేర్లలో మొదటి అక్షరం పడగానే బెల్లం పంచడం అతని అలవాటు. ఓ ముక్క విరిచి ఓదెమ్మ అరచేతిలో పెట్టాడు.

"నోరు తీపి చేసుకో అవ్వా. మంచిగ చెప్పినవ్."

ఓదెమ్మ ముక్కను నోటిదాకా తీసుకుపోలేదు.

"బెల్లం పడదా అవ్వా?" అడిగాడు రామచందర్.

"మొదటిసారి చెప్పినప్పుడు, దొర గూడ బెల్లమే పెట్టిండు."