గుండ్రటి మూలలు

సీసా పట్టుకుని వార్డులోకి వచ్చాడు ముసలాయన.

అడుగు తూలుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

బిందుమాధవి చేతిలో కొలతల టేపు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. పొద్దున పదింటికే తాగొచ్చాడు, కర్మ, అనుకుంది.

వాసనైతే రాలేదు. ఆ సంగతి ఎవరు పట్టించుకున్నారు గనక?

వినుకొండ రోడ్డులో మిరప చేల మధ్య, ఎన్నడో మూతపడ్డ క్షయ ఆసుపత్రి అది. మనిషెత్తు కిటికీలు, రోగుల మంచాలు ఎండలోకి లాగేంత వెడల్పు వరండా. దాన్ని పడగొట్టి కోల్డ్ స్టోరేజీ కట్టబోతున్నారు. ఆపాలంటే శుక్రవారంలోగా పురావస్తు శాఖకి బిందుమాధవి నివేదిక వెళ్ళాలి. అందులో ఒక్క గడి ఖాళీగా ఉంది. కట్టినవారెవరు?

ఆమెకి ఆ గదుల మూలలు తెగ నచ్చాయి. దుమ్ము, క్రిములు నిలవకుండా గోడా నేలా కలిసే చోటల్లా గుండ్రంగా తీశారు. డెబ్బై గజాల వార్డులో ఎక్కడ చూసినా ఒకటే వంపు. దేనితో తీశారో వాచ్‌మన్‌ని అడిగినా, ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుపట్టలేదు.

"అమ్మా... మూల... మూల..." అంటూ ముసలాయన సీసాతో కిందికి వంగబోయాడు.

"ఆ మూల కూర్చుని తాగుతావా? సిగ్గులేదూ ఈ వయసులో? నడువు బయటికి."

ఆయన ఏదో చెప్పబోయాడు. పెదవులు వణికాయిగానీ మాట రాలేదు. సీసా కండువాలో చుట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

నివేదికలో 'తెలియదు' అని రాసి పంపింది. ఎవరు కట్టారో తెలియని కొంపకి ఏం ప్రత్యేకత ఉందన్నారు పైవాళ్ళు.

నెల తర్వాత ఆఖరి ఫొటోల కోసం వెళ్తే అప్పటికే సగం వార్డు రాళ్ళకుప్ప అయింది.

వాచ్‌మన్ సుభానీ కండువా మూట తెచ్చి చేతిలో పెట్టాడు.

"మాబు సాహెబ్ తాత మీకిమ్మన్నాడు మేడమ్. పోయిన వారం చనిపోయాడు."

"నాకా? ఎందుకు?"

"మీరు మూలల గురించి అడిగారుగా. నేను పిడుగురాళ్ల పెళ్ళికెళ్తా తాతకి చెప్పెళ్ళా. పక్షవాతం మనిషి, మాట పడిపోయింది. అయినా మీకు చూపించాలని మూడు కిలోమీటర్లు నడిచొచ్చాడంట. మీరు కలిశారుగా మేడమ్?"

బిందుమాధవి కండువా విప్పింది.

మందపాటి పాత గాజు సీసా. ఒక పక్కంతా సిమెంటుకి అరిగి మసకబారింది.

ఇంకా కూలని గోడ పక్కన కూర్చుని దాన్ని మూలకి ఆనించింది. వెంట్రుకవాసి సందు లేకుండా ఒదిగిపోయింది.

ఆ డెబ్బై గజాల వంపు తీసిన తాపీమేస్త్రినే ఆమె తాగుబోతని బయటికి పంపేసింది.