తొందర లేని పాట

“ఆ పాటని అంత పరుగు పెట్టించకూడదు బాబూ.”

గుర్రాలకు నీళ్ళు పెడుతున్న ముసలాయన అన్న మాటకి రాస్కో బెల్ గిటార్ ఆపేశాడు.

డెట్రాయిట్ క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్న గొంతు అతనిది. ఇప్పుడు కాలిఫోర్నియా ఎడారిలో సినిమా తీస్తున్నారు. అందరూ నల్లవాళ్ళే నటిస్తున్న కౌబాయ్ సినిమా. గుర్రమెక్కి పాడే హీరో రాస్కోయే.

“మనవాళ్ళలో కౌబాయ్ అన్నవాడు నాతోనే మొదలు” అని వారం కిందటే పత్రికల వాళ్ళకి చెప్పాడు. ఆ మాట అచ్చులో చూసుకుని మురిసిపోయాడు కూడా.

“నువ్వెవరు తాతా?”

“ఎజ్రా గేంట్ అంటారు. సినిమా అయ్యేదాకా గుర్రాలు చూసుకోమన్నారు.”

“నా పాట గుర్రాలకి నచ్చలేదా ఏం?”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు.

ముసలాయన నవ్వలేదు. “గుర్రాల సంగతి కాదు. అదిగో, అరవై కోడెలున్నాయి. వాటికి నచ్చాలి.”

“టిక్కెట్లు కొనేది కోడెలు కాదులే తాతా!”

మళ్ళీ నవ్వులు. ఎజ్రా ఖాళీ బకెట్ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం షాట్ పెట్టారు. మంద మధ్యలో రాస్కో గుర్రం మీద కూర్చుని పాడాలి. ఎవరు కట్టారో తెలియని పాత పాట అది. డైరెక్టర్ హాబ్సన్ ఏదో పాటల పుస్తకంలోంచి పట్టుకొచ్చాడు.

“నిదానమే దూడా నిదానం... ఏరు ఎటూ పోదు, నీరు ఎటూ పోదు...”

రాస్కో గిటార్ మీద హుషారుగా దరువేస్తూ పాడాడు. కొండల వెనక మబ్బు కమ్ముకొస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు.

రెండో చరణం దగ్గర ఉరిమింది.

మంద ఒక్కసారిగా బెదిరింది. అరవై కోడెలూ తోకలెత్తి కెమెరా వైపు దూసుకొచ్చాయి. రాస్కో గుర్రం ముందు కాళ్ళెత్తి గింగిరాలు తిరిగింది. గిటార్ కింద పడి, గిట్టల కింద నుజ్జయింది.

“దూకకు! జీను వదలకు!” ఎవరో అరిచారు.

ఎజ్రా.

జీను లేని గుర్రం మీద వస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మంద ముందుకు చేరి, అన్నిటికన్నా ముందున్న కోడె పక్కనే గుర్రాన్ని పరిగెత్తిస్తూ పాట అందుకున్నాడు.

అదే పాట. కానీ అది పాటలా లేదు. చంటిబిడ్డని భుజాన వేసుకున్నవాడి ఊపిరిలా ఉంది.

ముందు కోడె పక్కకి తిరిగింది. దాని వెనకే మిగతావి. పెద్ద చక్రంలా తిరుగుతూ, తిరుగుతూ, నెమ్మదించాయి. చివరికి వానలో తలలు దించుకుని నిలబడ్డాయి.

రాస్కో గుర్రం దిగాడు. ఎజ్రా దగ్గరికి నడిచాడు.

“ఎక్కడ నేర్చుకున్నావు తాతా?”

“టెక్సస్ నుంచి కాన్సస్ దాకా నాలుగుసార్లు మందని తోలాను. మా గుంపులో నలుగురికొకడు నల్లవాడే.” ఎజ్రా గడ్డం మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. “పశువుకి మాటలు అర్థం కావు బాబూ. గొంతులో తొందరుందా లేదా అన్నదే దానికి కావాలి.”

రాస్కోకి అచ్చులో చూసుకున్న తన మాట గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి.

“మీరే తెర మీద కనిపించాలి” అని హాబ్సన్ వెంటపడ్డాడు.

“నా మొహం చూడ్డానికి ఎవరొస్తారయ్యా? ఈ అబ్బాయికి గొంతుంది. నెమ్మది ఒకటే కావాలి.”

ఆ తర్వాత మూడు రోజులు ఎజ్రా పాడి వినిపించాడు. రాస్కో వెంట పాడుతూ నేర్చుకున్నాడు. నాలుగో రోజున ముసలాయన ఓక్లహోమా బండెక్కాడు. పొలంలో విత్తనాలు పడే వేళట, భార్య ఒక్కతే ఉందట.

సినిమా షికాగోలో విడుదలైంది. హాలు ముందు టిక్కెట్ల కోసం నిలబడ్డ జనం వరస వీధి మలుపు దాటింది. ఆ పాట వచ్చినప్పుడు రెండువేల మంది ఊపిరి బిగబట్టి విన్నారు. కొత్త కౌబాయ్ టోపీలు పెట్టుకున్న పిల్లలు తండ్రుల భుజాలెక్కి తెరకేసి వేలు చూపించారు.

“వెళ్ళి ఆయనకి చూపించాలి” అనుకున్నాడు రాస్కో. ఊరూరా సన్మానాలతో నెలలు గడిచిపోయాయి.

వసంతంలో సినిమా రీళ్ళు వెంట తీసుకుని ఓక్లహోమా వెళ్ళాడు. నల్లవాళ్ళు తమకోసం కట్టుకున్న చిన్న ఊరు. ఎజ్రా ఫిబ్రవరిలోనే పోయాడని స్టేషన్లో చెప్పారు.

రాస్కో రీళ్ళ పెట్టె మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, చర్చిలో దుప్పటి కట్టించి, ఊరందరికీ సినిమా వేశాడు.

వేసేముందు టోపీ తీసి అన్నాడు: “మొదటివాణ్ణి నేనేనని పత్రికలో చెప్పాను. అబద్ధం. నాకంటే ముందు మీ ఎజ్రా ఉన్నాడు, ఆయన తోటివాళ్ళున్నారు. వాళ్ళ వెనక నడవడమే నా గొప్ప.”

చర్చి అంతా “ఆమెన్” అంది.

సినిమా అయ్యాక ముందు బెంచీలోంచి ఒక ముసలావిడ లేచి వచ్చింది. సన్నటి మనిషి, నిటారుగా ఉంది.

“నేను జిల్ఫాని నాయనా, ఎజ్రా భార్యని.”

రాస్కో ఆమె చేతులు పట్టుకున్నాడు. “ఆయన నేర్పినట్టే పాడానా అమ్మా?”

“అచ్చం అలాగే పాడావు” అంది జిల్ఫా తలెత్తి, “కానీ ఆఖరి చరణం నీకు తెలియదులే, నేను పెళ్ళికి ఒప్పుకున్న రోజున మా ఆయన దాన్ని కట్టి తన పాట ముగించాడు, పాటల పుస్తకంవాళ్ళు వచ్చి రాసుకుంటుంటే ఆ ఒక్కటీ నాదని నేనే ఇవ్వనివ్వలేదు.”