మీటరుకో మిల్లీమీటరు

"ముందు వరసలో కూర్చున్నోళ్ళకి మొహం కనపడదు పెద్దాయనా. ఒట్టి చుక్కలే కనపడతాయి," అన్నాడు సుశీల్ కుమార్.

చర్చి ఆవరణలో పెట్టే ఎల్‌ఈడీ తెరకు కొలతలు తీసుకోవడానికి నెల్లూరు నుంచి వచ్చాడతను. సంఘపెద్ద క్రీస్తుదాసు తల అడ్డంగా ఊపాడు.

"ముందు వరసోళ్ళకి తెరెందుకు అబ్బయా? లోపలికి తొంగిచూస్తే మనుషులే కనపడతారు గదా."

"మీటరు దూరానికి ఒక మిల్లీమీటరు లెక్క. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం అది. మీ జనం నాలుగు మీటర్ల నుంచి చూస్తారు, నాలుగు మిల్లీమీటర్లది సరిపోద్ది. మీరు పదిది కావాలంటారు."

"పదిదయితే దూరం నుంచి ఎట్టుంటది?"

"దూరం నుంచి బ్రహ్మాండంగా ఉంటది. పగలు ఎండలో కూడా."

"అదే పెట్టు. కాలవ వైపుకి తిప్పు. కమిటీకి నేను చెప్పుకుంటా. ఆ గట్టు మీదికి మొహం ఆనకపోతే ఈ తెర దండగ."

రోడ్డు దాటితే బకింగ్‌హాం కాలవ. అవతలి గట్టున నాలుగు పడవలు, ఒక చేపల గంప. క్రిస్మస్‌కి జనం అక్కడిదాకా నిలబడతారు కాబోలనుకుని సుశీల్ వంతెన దాటాడు. కొలిచే మిషను చర్చి గోడకు గురిపెట్టాడు. యాభై రెండు మీటర్లు.

"ఏంది నాయనా కొలస్తండావు?" అడిగింది గంప ముందు కూర్చున్న మస్తానమ్మ.

"చర్చిలో పెద్ద తెర పెడతన్నారమ్మా."

ఆమె చేపల మీద నీళ్ళు చిలకరించింది.

"ఆదివారం ఆడ అంత జనం ఉంటారు గదా. గంప వంతెన దాటించకూడదా?" అన్నాడు సుశీల్.

"ఒట్టుండాది. నేను అటు పోను, ఎవరూ ఇటు రావద్దన్నా. తొమ్మిదేళ్ళాయ."

వ్యాపారం తగువేమో అనుకున్నాడు సుశీల్. మిగతా పడవల మీద పేర్లు పెచ్చులూడిపోయాయి. ఆమె పడవ మీద 'సుభాషిణి' అన్న అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి.

పది రోజులకు తెర లేచింది. మొదటి ఆదివారం కెమెరా సుశీలే పట్టాడు. క్రీస్తుదాసు పక్కనే నిలబడ్డాడు.

"పాటలోళ్ళలో ఎడమ నుంచి మూడో మనిషి. ఆడ ఆపు."

"మీ కోడలు ఫ్లోరా గదా! పాస్టరు గారిని చూపించొద్దా?"

"ఆయన మైకులో ఊరంతా వినపడతానే ఉంటాడు. ఆపమన్నానా?"

వెనక బల్లల మీద ఆడవాళ్ళు నవ్వుకున్నారు. "ఏం మురిపెమమ్మా ఈ మామకి! సొంత కొడుకు మొహం కూడా చూపించనీడు," అంది ఒకామె. క్రీస్తుదాసు వినీ విననట్టే ఉన్నాడు.

సుశీల్ కెమెరాను అక్కడే బిగించి బయటికి వచ్చాడు. తెర దగ్గర ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు తప్ప ఏమీ లేవు. రోడ్డు దాటేసరికి చుక్కలు దగ్గరపడ్డాయి. వంతెన మధ్యకు వచ్చేసరికి కళ్ళు, ముక్కు తెలిశాయి. అవతలి గట్టు ఎక్కి తిరిగి చూస్తే, నుదుటి మీద చెమటతో సహా ఫ్లోరా మొహం.

మస్తానమ్మ లేచి నిలబడి ఉంది. గంప మీద గుడ్డ జారిపోయి ఈగలు ముసురుతున్నాయి. బేరానికి వచ్చినాయన రెండుసార్లు ధర అడిగి వెళ్ళిపోయాడు.

"బాగా కనపడతందా అమ్మా?"

"చిక్కిపోయింది," అంది ఆమె.

బొమ్మ సైజు తగ్గిందేమోనని సుశీల్ గబుక్కున చూశాడు. సరిగ్గానే ఉంది. చర్చి గేటు దగ్గర క్రీస్తుదాసు వచ్చి నిలబడ్డాడు. గట్టు వైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

బాప్తిస్మానికి ముందు ఫ్లోరా పేరు సుభాషిణి.