పెద్దమ్మ తోసిన వెలుగు

భూమి చుట్టూ కంటికి కనిపించని అయస్కాంతపు దొడ్డి ఒకటుంది. అందులో చిట్టి అనే ఎలక్ట్రాన్ తన జట్టుతో గిరగిరా తిరుగుతూ ఉత్తరానికీ దక్షిణానికీ పరుగులు తీసేది. పిట్టలా కూస్తూ వాటిని పెంచిన, విద్యుత్ కణాల వాయువులో లేచే ప్లాస్మా అలని అన్నీ పెద్దమ్మా అని పిలిచేవి.

"పెద్దమ్మా, కింద మంచులో నక్కపిల్ల తల్లి కనబడక ఏడుస్తోంది. అంతా చీకటే. మమ్మల్ని అటు తోయవూ?" అంది చిట్టి.

"నా పాటకి అడుగు కలిపితే తోస్తానే. కానీ గాల్లోకి జారినవాళ్ళు మళ్ళీ దొడ్డికి రారు, తల్లీ."

చిట్టి అడుగు కలిపింది. జట్టంతా కలిపింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని తోసింది. అవి గాలికి తగలగానే ఆకాశం పచ్చగా వెలిగింది.

ఆ వెలుగులో నక్కపిల్ల పరుగున వెళ్ళి తల్లి పొట్ట కింద దూరింది. "ఎవరమ్మా ఈ దీపం పెట్టింది?"

"ఏ తల్లి పిల్లలో," అంది నక్క.