మణికట్టు ఎక్స్‌రే

పొడుగు పెరిగే ఇంజెక్షన్ వేయిస్తేనే బడికి పోతానని మంజునాథ్ సోమవారం మొండికేశాడు. తిట్టినా, బతిమాలినా కదల్లేదు. గురువారం నాటికి తల్లి శశికళే ఓడిపోయింది. కట్టడం పని మానుకుని, కొడుకును వెంటబెట్టుకుని, తమిళనాడులోని తమ ఊరు ఇండూరులో బస్సెక్కి ధర్మపురిలో ఒక క్లినిక్‌కు వచ్చింది.

వాడి బాధ వాడికి పెద్దదే. పదో తరగతిలో అందరికంటే పొట్టివాడు వాడే. ప్రార్థనలో ముందు నిలబెట్టేదీ వాణ్ణే, గ్రూప్ ఫొటోలో నేల మీద కూర్చోబెట్టేదీ వాణ్ణే. పెదనాన్న కొడుకు భూపతి, వాడు ఒకేరోజు బడిలో చేరారు. ఇప్పుడు భూపతికి మీసం కూడా వచ్చింది, మంజునాథ్ అతని భుజం దగ్గరే ఆగిపోయాడు. బడిలో అందరూ ‘కుళ్ళన్’ అని పిలుస్తారు. పొట్టోడా అనే మాటను తమిళంలో అన్నంత మాత్రాన నొప్పి తగ్గదు. పైగా ఆ సోమవారమే వాలీబాల్ మాస్టరు జట్టును ఎంచుతూ, భూపతిని నెట్ దగ్గర నిలబెట్టి, మంజునాథ్‌ను బంతులు ఏరి తెచ్చే పనికి పెట్టాడు. జీవితమంతా ఇంతే ఎత్తులో ఉండిపోతానేమోనని వాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హార్మోన్ల డాక్టరు ఇళవరసి ఆ క్లినిక్‌కు సేలం నుంచి వారానికొకసారి వస్తుంది. శశికళ నీళ్ళు తాగడానికి పోయినప్పుడు నర్సు వచ్చి పేరు, వయసు అడిగింది. పదిహేను అని మంజునాథే చెప్పాడు. బడివాళ్ళిచ్చిన ఐడీ కార్డులో ఉన్నది అదే. శశికళను అడిగితే వయసు చెప్పదు, క్లాసు చెబుతుంది. పుట్టినరోజులు చేసుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు.

డాక్టరమ్మ ఎత్తు కొలిచింది, బరువు చూసింది, తల్లిదండ్రుల ఎత్తు అడిగింది. వీళ్ళ నాయన తల వంచుకోకుండా మా వాకిలి దాటలేడని శశికళ కొంచెం గొప్పగానే చెప్పుకుంది. మరి కొడుకు ఇలా ఉండటమే ఆమెకు అర్థం కాకుండా ఉంది. గర్భంతో ఉన్నప్పుడు సరిగా తినలేదేమో, తనదే పాపమేమోనని దారి పొడవునా కుమిలిపోతూనే వచ్చింది.

“ఇది ఫోన్లో చూసి అడిగిన ప్రతి పిల్లాడికీ వేసే సూది కాదమ్మా,” అంది డాక్టరమ్మ. “ఒంట్లో ఆ హార్మోన్ నిజంగా తక్కువుంటేనే వేస్తాం. మొదలుపెడితే ఏళ్ళ తరబడి రోజూ పొడవాలి.”

“పొడిపించుకుంటాను,” అన్నాడు మంజునాథ్. పోయినేడు కుక్క కరిచినప్పుడు సూదికి భయపడి ఆస్పత్రి గేటు పట్టుకుని వేలాడింది వీడే.

ముందు ఎముకలు ఏ మాత్రం ముదిరాయో చూడాలని ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే రాసింది. అది తీయించుకుని తల్లీ కొడుకులు మళ్ళీ లోపలికి వచ్చారు. డాక్టరమ్మ ఫిల్మును వెలుగులో పెట్టి, పక్కనున్న పుస్తకంలో వయసువారీగా ఉన్న ఎముకల బొమ్మలతో పోల్చి చూసింది. మళ్ళీ చూసింది.

“ఎముకలు వయసుకంటే వెనకబడ్డాయి,” అంది చివరికి. “వీటిని చూస్తే పదమూడేళ్ళే అనిపిస్తోంది.”

ఇంజెక్షన్ కావాలని గొడవ చేసినవాడే గాని, నిజంగా తనలో ఏదో లోపం ఉందని ఒక డాక్టరు అంటుందని మంజునాథ్ అనుకోలేదు. కొందరికి ఎదుగుదల ఆలస్యంగా మొదలవుతుందని, అది కాకపోతే హార్మోన్ తక్కువ కావచ్చునని, రక్తపరీక్షలు చేస్తే గాని తేలదని ఆమె చెబుతూ పోయింది. వాడి చెవికి సగం కూడా ఎక్కలేదు.

“పదమూడా?” అని శశికళ మధ్యలో అడ్డుపడింది.

“ఇంచుమించు అంతే.”

“పదమూడేండ్ల పిల్లోనికి ఈ ఎత్తు సరిపోతుందా డాక్టరమ్మా?”

“పదమూడుకైతే మంచి ఎత్తే. ఇంకా చాలా పెరుగుతాడు కూడా. కానీ మీవాడికి...”

శశికళ కుర్చీలో వెనక్కి వాలింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లి ఏడుస్తోందనుకుని మంజునాథ్ భయపడ్డాడు. చూస్తే నవ్వుతోంది. భుజాలు ఎగిరిపడేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. వాడికి ఒళ్ళు మండింది. బడిలో ఊరివాళ్ళ పిల్లలు నవ్వేది చాలక, ఇప్పుడు కన్నతల్లి కూడా మొదలుపెట్టిందా అని కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

విషయం సరిగా అర్థం కాలేదేమోనని డాక్టరమ్మ మళ్ళీ నిదానంగా చెప్పింది. భయపడాల్సింది లేదని, ముందు రక్తపరీక్ష ఒక్కటి చేయిద్దామని అంది.

శశికళ కళ్ళు తుడుచుకుంది. కొడుకు కుర్చీని చెయ్యి పట్టి మళ్ళీ తన దగ్గరికి లాక్కుంది. వాడి తల నిమిరింది. పొద్దుటి నుంచి గుండె మీదున్న బరువంతా ఎవరో దించినట్టు పెద్దగా ఊపిరి వదిలింది.

“రక్తం తీయొద్దు డాక్టరమ్మా, ఎముక సరిగానే చెప్పింది. నేనే మరిచిపోయినాను. మేము బెంగుళూరుకు కట్టడం పనికి పోయినప్పుడు, భూపతి వెంట నేనూ బడికి పోతానని వీడు ఏడిస్తే, మా అత్త వీనికీ అయిదు నిండినాయని చెప్పి చేర్చేసింది. అప్పుడు వీనికి మూడే.”