రెండో భాగం

నలభై బొమ్మల పుస్తకాల్లో ఇరవయ్యారింటిని రాజ్యలక్ష్మి తనే పక్కన పెట్టేసింది. కత్తులతో తలలు నరుక్కునేవి కొన్ని. ఒంటి మీద సగం బట్టలే ఉన్న ఆడపిల్లల బొమ్మలున్నవి కొన్ని. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల చేతికి ఏది ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చడానికి నెల రోజులు పట్టింది. ఒక్కటి వదలకుండా అన్నీ చివరిదాకా చదివింది. జపాన్ పుస్తకాలు కుడి వైపు నుంచి తెరవాలని యాభయ్యో ఏట నేర్చుకుంది.

ఉత్తరాది ఊళ్ళో, తెలుగువాళ్ళుండే సోనారి పేటలోని ఆ స్కూల్లో లైబ్రేరియన్‌గా చేరి ఆరు నెలలైంది. మొదట్లో పిల్లలు అక్కడికి ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చేవాళ్ళు. ఈ బొమ్మల పుస్తకాలు వచ్చాకే పుస్తకం కోసం రావడం మొదలుపెట్టారు.

ఆ పిల్లల్లో ఒకరు ఇంట్లో ఏదో చెప్పారు. శనివారం మధ్యాహ్నం పేరెంట్స్ కమిటీ వచ్చి కూర్చుంది. మిగిలిన పద్నాలుగు పుస్తకాలూ బల్ల మీద ఉన్నాయి. గొడవంతా ఒక్క పసుపు అట్ట పుస్తకం గురించే.

"ఇదేటండీ ఇది?" గౌరీదేవి పేజీలు తిప్పుతూ గొంతు పెంచింది. ఆవిడ కూతురు ఆరో తరగతి. "ఇంట్లో పెద్దమనిసి పిల్ల గదిలోకి వత్తన్నాడు. ఆ పిల్ల బయపడి సత్తంది. ఇయ్యా మన పిల్లలు సదవాల్సిన కతలు?"

"చెడ్డ బొమ్మ ఒక్కటీ లేదండీ. తలుపు మూసుకోవడం వరకే చూపించారు. ఆఖరికి ఆ పిల్ల వాళ్ళ టీచరుకి చెప్పుకుంటుంది. అందుకే ఉంచాను" అంది రాజ్యలక్ష్మి.

"మన ఇళ్ళల్లో ఇలాటియ్యి జరగవు. లేనిపోనియ్యి మనమే నేర్పినట్టవుతాది."

"బిల్‌కుల్ సహీ" అన్నాడు పక్కనున్నాయన. మిగతావాళ్ళు తలలూపారు. ప్రిన్సిపాల్ వాచీ చూసుకుంది. తన వైపు మాట్లాడే మనిషి ఆ గదిలో లేడని రాజ్యలక్ష్మికి అర్థమైపోయింది.

బంగారురాజు గారు ఒక్కరే అప్పటిదాకా నోరు తెరవలేదు. ఆయన అదే ఊళ్ళో బారిడీహ్ పేటలో ఉంటారు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కమిటీకి పెద్ద. స్కూలుకి వాటర్ కూలర్ పెట్టించింది ఆయనే. ఎక్కడ తగువు వచ్చినా ఆయన మాటే ఆఖరు.

"అరవకండమ్మా. కష్టపడి అన్నీ సదివింది గదా, ఆవిణ్ణి సెప్పనివ్వండి" అన్నారు.

పుస్తకం చేతిలోకి తీసుకుని ఎడమ వైపు నుంచి తెరిచారు. రాజ్యలక్ష్మి తిప్పి ఇచ్చింది. ఆయన తొందరపడలేదు. ఒక్కో పేజీ చూసుకుంటూ వెళ్ళారు. టీచరు ముందు ఆ పిల్ల నిలబడ్డ ఆఖరి పేజీ దగ్గర చాలాసేపు ఆగారు.

"దీన్ని ఎవులైనా సదువుతన్నారా, తల్లీ?"

ఆ మెత్తటి పిలుపుకి రాజ్యలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంట నుంచీ అందరూ తిట్టేవాళ్ళే. అడిగింది ఈయనొక్కరే.

పరుగున వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. పిల్ల పేరు నలుగురిలో ఎందుకని పైకి అనలేదు. వంగి, ఆయనకి మాత్రమే కనపడేలా వేలు పెట్టి చూపించింది. ఏడో తరగతి బి సెక్షన్, వెన్నెల. తొమ్మిది చోట్ల అదే పేరు.

"ఒకే పిల్ల తొమ్మిదిసార్లు తీసుకుందండీ. ఇంటికి పట్టుకెళ్ళదు. ఆ బీరువా వెనకాల కూర్చుని చదివి, గంట కొట్టగానే ఇచ్చేస్తుంది."

"మీతో ఏటైనా అందా?"

"పెద్దగా మాట్లాడదండీ. పోయిన వారం మాత్రం 'మేమ్, ఇస్‌కా దూస్‌రా పార్ట్ హై క్యా?' అని అడిగింది. టీచరుకి చెప్పాక ఆ పిల్లకి ఏమైందో తెలుసుకోవాలట. అందుకే రెండో భాగం కూడా తెప్పిద్దామని లిస్టులో రాశాను. ఇంత ఇష్టంగా చదివే పిల్ల దగ్గర్నుంచి ఎలా లాక్కోమంటారు, చెప్పండి!"

బంగారురాజు గారు ఆ పేరు వైపు కాసేపు చూశారు. రిజిస్టరు మూసి, రెండు చేతులతో ఆవిడకి అందించారు.

"మీ మనసు మంచిది తల్లీ. కానీ ఇది ఆళ్ళ వయసు పుస్తకం కాదు. ఒద్దు."

అంతటితో అయిపోయింది. చేతులన్నీ లేచాయి. ప్రిన్సిపాల్ లిస్టులోంచి రెండో భాగం కొట్టేసింది. పసుపు అట్ట పుస్తకం మళ్ళీ పిల్లల కంట పడకూడదని బంగారురాజు గారు తన సంచీలో పెట్టుకున్నారు.

"ఆ పిల్లని ఏమీ అనకండి సార్" అంది రాజ్యలక్ష్మి గుమ్మం దాకా వెంట వెళ్ళి.

"అయ్యో, కోపమెందుకమ్మా? నెమ్మదిగా నేను మాటాడతాను గదా."

ఆఖరి గంటకి ముందు వెన్నెల లైబ్రరీకి వచ్చింది. అరల్లో వెతికింది. కింద అరలో, వెనక వరసలో కూడా చూసింది.

"నహీ హై, మేమ్?"

"తీసేశారమ్మా."

"దూస్‌రావాలా?"

"అదీ రాదు. కావాలంటే వేరేది ఇస్తాను, పట్టుకెళ్ళు."

వెన్నెల ఒద్దన్నట్టు తలూపింది. "ఠీక్ హై, మేమ్" అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

చదివే పిల్లని ఒకదాన్ని పోగొట్టుకున్నానే అనుకుంటూ రాజ్యలక్ష్మి కిటికీ తలుపులు వెయ్యడానికి వెళ్ళింది.

గేటు దగ్గర బంగారురాజు గారు స్కూటరు స్టార్ట్ చేసి, "ఎక్కమ్మా, ఇంటికెల్దాం" అని పిలవగానే, వెన్నెల తన బ్యాగుని మధ్యలో అడ్డంగా పెట్టుకుని వాళ్ళ పెదనాన్న వెనకాల ఎక్కి కూర్చుంది.