వేలు దూరని ఒర

అమెరికాలో, తుల్సా ఊళ్లోని మా తుపాకుల కొట్లో, పిస్టల్ పెట్టుకునే మెత్తటి తోలు ఒర చూపిస్తే, కొనడానికొచ్చిన మార్లిస్ వద్దంది. బిరుసుదాంట్లో గుళ్లు తీసిన పిస్టల్ పెట్టి, తలకిందులు చేసి దులిపింది. జారలేదు. ట్రిగ్గర్ దగ్గర చిటికెనవేలు దూర్చబోయింది. దూరలేదు.

“చొక్కా కింద ఎత్తుగా కనబడుతుంది తల్లీ.”

“కనబడనీండి.”

“ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టుకున్నావ్?”

“హ్యాండ్‌బ్యాగులో.”

“నీ కార్లో పసివాడి సీటు చూశాను. పిల్లాడున్నవాళ్లు బ్యాగులో పెడతారటమ్మా?” అని కసిరాను. “వాడికెన్నేళ్లు?”

“రెండున్నర.”

“ఇంకో ఏడాది పెరగనీ, ఈ ఒర కూడా ఊడబెరుకుతాడు!” అని నవ్వాను.

మార్లిస్ నవ్వలేదు.

“ఇది మా చెల్లికండీ. దానికి నెలల బిడ్డ. అదీ పిస్టల్ బ్యాగులోనే పెట్టుకుంటోంది.”

ఒరను మెల్లగా నా ముందుకు జరిపింది.

“మావాడు ఇంక పెరగడండీ.”